ఆఖరి బెంచీకి కనిపిస్తోందా?

జనవరి, ఫిబ్రవరి వచ్చాయంటే స్కూళ్ళలో వార్షికోత్సవాల సందడి. సినిమా పాటలకు డ్యాన్సులు, ఏకపాత్రాభినయాలు, మధ్యలో బహుమతి ప్రదానం. ఆ వరుసలో ఎక్కడో ఒకచోట మైకు పలుకుతుంది... 'ఇప్పుడు ఎనిమిదో తరగతి విద్యార్థి మ్యాజిక్ షో!' అమ్మ కుట్టించిన నల్లకోటుతో పిల్లాడు వస్తాడు. బల్ల వెనక నిలబడి పేకముక్కలు తీస్తాడు. ముందు వరుసలో హెడ్మాస్టరుగారు మెచ్చుకోలుగా తలూపుతారు. వెనక వరుసల్లో మాత్రం వేరే సంభాషణ.

'ఏం చేస్తన్నాడు వదినా?'

'ఏమోనమ్మా... కార్డు మారిందంట. నాకేం కనపళ్ళా!'

చప్పట్లు పడతాయి. అవి పిల్లాడి మీద ప్రేమతో పడినవి, మ్యాజిక్కుకి పడినవి కాదు. ఆ తేడా వాడికీ తెలుస్తుంది. వేళ్ళు నొప్పిపుట్టేదాకా నెలరోజులు సాధన చేసినవాడు ఆ రాత్రి కోటు విప్పి మంచమ్మీద పడేసి 'ఇంక చెయ్యను' అంటాడు. నిజానికి వాడి చేతివాటంలో లోపమేమీ లేదు. వచ్చిన చిక్కల్లా ఎంపికలోనే.

ఎగ్జిబిషన్లో కొన్న మ్యాజిక్ సెట్టు డబ్బా మీద అన్ని ట్రిక్కులు, ఇన్ని ట్రిక్కులు అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. వేదిక మీద నిలబడేవి వాటిలో రెండో మూడో. మిగతావి ఇంటి అరుగు మీదా, భోజనాల బల్ల దగ్గరా చేసుకోవాల్సినవి. నన్నడిగితే ట్రిక్కు వేరు, ఐటం వేరు. ట్రిక్కు కొట్లో దొరుకుతుంది. దానికి తగ్గ మాట, నడక, ముగింపు కుదిరి, ఆఖరి బెంచీలో కూర్చున్న వదినగారి దాకా చేరితే అప్పుడది ఐటం. అది ఏ కొట్లోనూ దొరకదు.

ఈ వారం ఆ సంగతులే మాట్లాడుకుందాం. రహస్యాలు మాత్రం అడక్కండి. అవి చెప్పేస్తే మెజీషియన్లకి అన్యాయం చేసినట్టు, మీకు ఆనందం లేకుండా చేసినట్టు!

నువ్వుగింజంత పేకముక్క

చిన్న లెక్క. మామూలు పేకముక్క పొడుగు దాదాపు 9 సెంటీమీటర్లు. కల్యాణమండపంలో వేదిక నుంచి ఆఖరి వరుస 60 అడుగులుందనుకోండి. అంత దూరంనుంచి చూసేవాళ్ళకి ఆ ముక్క, చేయిచాచి పట్టుకున్న నువ్వుగింజంత కనిపిస్తుంది. దాని మీద ఇస్పేటు రాజున్నాడో, కళావరు రాణి ఉందో ఎవరు చెప్పగలరు? అదే 60 అడుగుల్లో దినపత్రికని రెండు పేజీలూ పరిచి పట్టుకుంటే రూపాయి బిళ్ళంత కనిపిస్తుంది. అందుకే పేపరు చింపి, ఉండచుట్టి, మళ్ళీ అతుకుల్లేకుండా విప్పి చూపించే ఐటం ఏళ్ళ తరబడి వేదికల మీద బతికే ఉంది. అందరికీ తెలిసిన వస్తువు. చింపితే చప్పుడవుతుంది. ముక్కలు పెరుగుతున్నట్టు తెలుస్తుంది. విప్పినప్పుడు తెల్లటి పేజీ ఒక్కసారిగా తెరచాపలా తెరుచుకుంటుంది. పొద్దున ఇళ్ళకొచ్చిన పేపరే కావాలి. బాపట్లలో చేస్తుంటే బాపట్ల జిల్లా ఎడిషనే పట్టుకోండి. జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్లో కదా, ఆ పేరు పేజీ మీద కనిపిస్తే జనం ఇంకా కాస్త ముందుకి వంగి చూస్తారు.

కనిపించకపోయినా పరవాలేదు, వినిపిస్తే చాలు అనే ఐటాలూ ఉన్నాయి. గాల్లోంచి నాణేలు పట్టి బకెట్లో వేయడం వాటిలో మొదటిది. బిళ్ళ వెనకవాళ్ళకి కనపడదు. కానీ ఠంగుమని స్టీలు బకెట్లో పడిన చప్పుడు గోడల దాకా పోతుంది. ఒకటి, రెండు, మూడు... జనం లోలోపలే లెక్కపెట్టడం మొదలెడతారు. ఒకటి ముందు వరుసలో కూర్చున్న తాతగారి కండువాలోంచి, ఇంకొకటి ఆ పక్కనున్న పాప జడలోంచి తీశారనుకోండి, హాలు మీదే. ప్లాస్టిక్ బకెట్టు పెట్టారో, ఐటం సగం చచ్చినట్టే!

ఇనప రింగులు ఒకదాంట్లోకి ఒకటి దూరే ఐటంలో కంటికి, చెవికి రెంటికీ పని ఉంది. రంగుల సిల్కు రుమాళ్ళు, తాళ్ళు, గొడుగులు, పూలగుత్తులు... ఇవన్నీ దూరానికి ఆనేవి. పెద్ద సామాను ఉండాలని కాదు. వస్తువు చిన్నదైనా జరిగింది పెద్దగా తెలియాలి. 'తాడు తెగింది, అతుక్కుంది' అని ఒక్క మాటలో పక్కవాడికి చెప్పగలిగితే అది వేదికకి పనికొస్తుంది. 'అదేంటంటే, ముందు నాలుగు కట్టలు చేశాడు, అందులో మూడోదాంట్లో మొదటి ముక్క తీసి...' అని మొదలుపెట్టాల్సి వస్తే దాన్ని ఇంటి దగ్గర ఉంచుకోవడం మేలు.

మాయ తెలిసిన ఊళ్ళు

తెనాలి జంక్షన్లో దిగితే ఒక లైను బాపట్ల మీదుగా చెన్నైకి సాగిపోతుంది, ఇంకొకటి రేపల్లెలో ఆగిపోతుంది. మూడూ దగ్గర దగ్గర ఊళ్ళే. మ్యాజిక్ చేసేవాడికి మాత్రం మూడు రకాల పరీక్షలు.

తెనాలి సంగతి కొత్తగా చెప్పేదేముంది! నాటకాల ఊరు. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు పేరు మోగింది తెనాలి శ్రీరామ విలాస సభ నాటకాలతోనే. సత్యభామగా ఆయన తెర ముందుకొస్తే ఆడవాళ్ళు సైతం ఆ నడకని కన్నార్పకుండా చూసేవారని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఆయనకి 1956లో పద్మశ్రీ వచ్చింది. ఇక్కడ మనకి కావలసిన సంగతి ఒకటుంది. వేషం వేసింది మగవాడని హాల్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. టిక్కెట్టు కొన్నదే ఆ పేరు చూసి. అయినా కాసేపటికి అది మర్చిపోయేవాళ్ళు. తెలిసి తెలిసి, ఇష్టపడి మాయలో పడటమంటే అదే. మ్యాజిక్ చూసేవాడు చేసేదీ అదే.

ఇంకో తమాషా చూడండి. మాంత్రికుడంటే మన కళ్ళముందు కదిలే బొమ్మ ఎక్కణ్ణుంచి వచ్చింది? 'చందమామ' కథల్లోంచి, 'పాతాళ భైరవి' నేపాళ మాంత్రికుడి నుంచి. 1947లో 'చందమామ' మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన చక్రపాణి తెనాలి మనిషి. 1952 నుంచి 1980 దాకా దాన్ని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు పుట్టింది తెనాలిలోనే. 1951లో 'పాతాళ భైరవి', 1957లో 'మాయాబజార్' తీసిన విజయా సంస్థలో నాగిరెడ్డితోపాటు ఉన్నది ఆ చక్రపాణే. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే వెళ్ళడం చూసి పెరిగిన జనం ముందు ఇప్పుడు మీరు రుమాలు మాయం చేయాలి. వాళ్ళకి మాయ చూడటం వచ్చు. సాగదీస్తే ఊరుకోరు.

తెనాలి నాటకాల హాల్లో పద్ధతిగా కుర్చీలుంటాయి. తెరలుంటాయి, పక్క రెక్కలుంటాయి. జనం ఒక్క వైపు నుంచే చూస్తారు. మెజీషియన్‌కి అది స్వర్గం. అయితే అక్కడ వాచకం బాగుండాలి. గొంతు తడబడినా, మాట తేలిపోయినా పద్యనాటకం విన్న చెవులు ఇట్టే పట్టేస్తాయి.

బాపట్ల అంటే కాలేజీలు. వ్యవసాయ కళాశాల 1945 నాటిది, ఆ తరవాత ఇంజినీరింగు కాలేజీ. హాస్టల్ కుర్రాళ్ళ ముందు షో అంటే కాచుకుని కూర్చుంటారు. 'చొక్కా చేయి పైకి లాగు బాస్!' అని మూడో నిమిషంలోనే అరుస్తారు. వాళ్ళమీద కోప్పడకూడదు. లాగి చూపించండి. అసలు మొదటి ఐటమే చేతులు మడిచి చేసేది పెట్టుకుంటే ఆ అరుపుకి చోటే ఉండదు. అలాంటి గుంపుకి మనసులో మాట చెప్పే ఐటాలు బాగా పడతాయి. ఒకడు తలచుకున్న అంకె బోర్డు మీద ముందే రాసి ఉండటం, పుస్తకంలో ఎంచుకున్న పదం కవర్లోంచి బయటపడటం లాంటివి. సామాను తక్కువ, అనుమానించడానికి చేతికందే వస్తువు తక్కువ. 'పక్క గదోడు చెప్పేసుంటాడు' అని రాత్రంతా హాస్టల్లో వాదించుకుంటారు. అంతకన్నా ఏం కావాలి?

చెంబులో కృష్ణా నీళ్ళు

రేపల్లె వైపు ఊళ్ళలో షో అంటే ఎక్కువగా ఆరుబయటే. వినాయకచవితి పందిరి, దసరా, గుడి దగ్గర తిరునాళ్ళు. పక్కా వేదిక ఉండదు. నాలుగు బల్లలు కలిపి పైన తివాచీ పరుస్తారు. జనం మూడు వైపులా ఉంటారు. పిల్లలు నేలమీద, వేదికకి ఆనుకుని, తల పైకెత్తి చూస్తుంటారు. ఇద్దరు ముగ్గురు చెట్టెక్కి కూర్చుంటారు! ముందు నుంచి చూస్తేనే పనిచేసే ఐటాలన్నీ ఇక్కడ ఇంటికి పంపేయాల్సిందే. సాయంత్రమైతే సముద్రపు గాలి. కొవ్వొత్తి నిలవదు. సిల్కు రుమాలు చేతిలోంచి ఎగిరి చక్కా పోతుంది. పేపరు ముక్కలు పందిట్లో ప్రసాదం దగ్గర తేలతాయి. తాళ్ళు, రింగులు, బరువైన చెంబులు... బయటి వేదికకి ఇవే నేస్తాలు.

వీటన్నిటి కన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. విదేశాల పుస్తకాల్లో దాని గురించి ఒక్క ముక్కా ఉండదు. మన సభల్లో పెద్దలు కూర్చునేది వేదిక మీద, మెజీషియన్ వెనక! సర్పంచిగారు, ఉత్సవ కమిటీ ప్రెసిడెంటు, దాత, ఆయన బావమరిది... వరసగా అరడజను కుర్చీలు. బల్ల వెనక భాగం, కోటు వెనక భాగం వాళ్ళకి సినిమా చూసినట్టు కనిపిస్తుంది. 'దయచేసి కిందికి వెళ్ళి కూర్చోండి' అంటే మర్యాద కాదు. షో మొదలవకముందే కమిటీ వాళ్ళతో మాట్లాడి, ముందు వరుసలో పూలదండలు వేసిన కుర్చీలు నాలుగు వేయించాలి. 'గౌరవ అతిథులు మ్యాజిక్‌ని అందరికన్నా ముందుండి చూడాలని మా కోరిక' అని మైకులో చెప్పాలి. ఎవరూ కాదనరు.

మాట అన్నాను కాబట్టి నీళ్ళ చెంబు సంగతి చెప్పాలి. ప్రపంచమంతా తిరిగిన పి.సి.సర్కార్ తన షోలో దీన్ని 'వాటర్ ఆఫ్ ఇండియా' పేరుతో ప్రసిద్ధం చేశారు. చెంబులో నీళ్ళన్నీ వంపేస్తారు. బోర్లించి చూపిస్తారు. వేరే ఐటం చేసి మళ్ళీ వస్తే చెంబులో నీళ్ళు! మళ్ళీ వంపేస్తారు. షో అయ్యేదాకా ఐదారుసార్లు ఇదే వరస. ఉత్తగా చేస్తే మూడోసారికి 'సర్లే' అనిపిస్తుంది. రేపల్లెలో చేస్తున్నారనుకోండి. ఆ ఊరు కృష్ణా పశ్చిమ డెల్టా శివారు. కాలవలో నీళ్ళు ఎప్పుడొస్తాయో, ఎప్పుడు కట్టేస్తారో అని ఎదురుచూడటం వాళ్ళకి తెలిసినంతగా ఎవరికి తెలుసు?

మొదటిసారి వంపుతూ 'ఇదిగో, నాట్లకి నీళ్ళొదిలారండీ' అనండి. చెంబు బోర్లించి 'కట్టేశారు!' అనండి. నవ్వుతారు. పది నిమిషాల తరవాత మళ్ళీ చెంబు తీసుకుని, లోపలికి చూసి, ఏమీ మాట్లాడకుండా ఒక్క క్షణం ఆగండి. 'ఎవరైనా పైన ఆఫీసరుగారికి ఫోన్ చేశారా?' అంటూ వంపండి. మూడోసారి మీరు చెంబు దగ్గరికి నడిచేసరికే జనంలోంచి ఎవరో 'వచ్చినయ్, వచ్చినయ్!' అని కేకేస్తారు. ఇక మీరు మాట్లాడక్కర్లేదు, వాళ్ళే ఐటం నడిపిస్తారు. ఇదే చెంబుని హైదరాబాద్ అపార్టుమెంట్లో చేస్తే కాలవ మాట పనికిరాదు. అక్కడ ట్యాంకరు రావాలి!

తెనాలికైతే మూడు తాళ్ళ ఐటం నాకు నచ్చుతుంది. పొడుగుది, నడిమిది, పొట్టిది. మూడూ ఒకే కొలతకి వస్తాయి, మళ్ళీ విడిపోతాయి. 'రాయలవారి కొలువులో సంభావనలిచ్చారండీ. పెద్ద పండితుడికి పెద్ద తాడు, నడిమి పండితుడికి నడిమి తాడు, మన రామకృష్ణుడికి ఈ బెత్తెడు ముక్క. ఆయన అలిగాడా? అలగలేదు. మూడూ ఒక్కసారి నా చేతికివ్వండి ప్రభూ, న్యాయం నేను చేస్తానన్నాడు...' అని మొదలెట్టండి. ఇది తెనాలి రామకృష్ణుడి కథల్లో ఉన్నది కాదు, తాళ్ళ కోసం అల్లుకున్నదే. తాళ్ళు మూడూ సమానమయ్యేసరికి 'మనోడు గెలిచాడ్రా' అని ఈల పడితే ఆశ్చర్యమేం లేదు.

మెజీషియన్‌గా మొదలై హిప్నాటిస్టుగా, వ్యక్తిత్వ వికాస నిపుణుడిగా ఇంటింటికీ తెలిసిన బి.వి.పట్టాభిరామ్ 2025లో కన్నుమూశారు. ఆయన్ని తలచుకునే వాళ్ళలో ఎక్కువమందికి గుర్తొచ్చేది ట్రిక్కులు కాదు, ఆ మాటతీరు.

ఏది ముందు, ఏది వెనక

స్కూల్లో ఇచ్చేది పది పదిహేను నిమిషాలు. నాలుగు ఐటాలు చాలు. కొత్తవాళ్ళు ఎనిమిది పెట్టుకుని ఆఖరి రెండూ పరుగెత్తిస్తారు. మొదటిది అర నిమిషంలో తేలిపోవాలి. నమస్కారం పెట్టిన చేతిలోంచే పూలగుత్తి రావడం లాంటిది. 'వచ్చినవాడికి విద్య వచ్చు' అని జనానికి నమ్మకం కుదరాలి. మధ్యలో వాళ్ళలో ఒకరిని పైకి పిలిచేది. అన్నిటికన్నా గట్టిది చివరికి, దాని తరవాతిది మొదటికి. చివరి ఐటం అయ్యాక ఇంకేమీ మాట్లాడకూడదు.

చివర ఎక్కడ ఆపాలో సర్కార్‌కి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. 1956 ఏప్రిల్ 9న లండన్లో బీబీసీ 'పనోరమా' కార్యక్రమంలో 17 ఏళ్ళ దీప్తి డేని బల్లమీద పడుకోబెట్టి రంపంతో కోశారు. తరవాత ఆమెని లేపబోతే కదల్లేదు. అంతలో సమర్పకుడు రిచర్డ్ డింబుల్‌బీ ముందుకొచ్చి కార్యక్రమం అయిపోయిందన్నాడు. చూస్తున్నవాళ్ళు అమ్మాయి చచ్చిపోయిందనుకున్నారు. బీబీసీకి ఫోన్లే ఫోన్లు. మర్నాడు పత్రికల్లో అదే వార్త. డ్యూక్ ఆఫ్ యార్క్ థియేటర్లో ఆయన షోలకి టిక్కెట్లన్నీ అమ్ముడయ్యాయి. సమయం చాలకపోవడం నిజమా, పన్నాగమా అని మెజీషియన్లు ఇప్పటికీ నవ్వుకుంటుంటారు. అమ్మాయిని రెండు ముక్కలు చేసే ఐటం ఆయనకి కొత్తది కాదు, అంతకు 35 ఏళ్ళ ముందే లండన్లో సెల్బిట్ చేసి చూపించాడు. కొత్తది ఆ ఆపడమే.

ఇలాంటివి చదివి పిల్లలు ప్రాణాలతో ఆడే ఐటాల మీద మనసు పడతారు. అక్కడ మాత్రం అమ్మానాన్నలు గట్టిగా వద్దనాలి. నిప్పు మింగడం, గాజుముక్కలు నమలడం, కళ్ళకి గంతలు కట్టుకుని బండి నడపడం... ఏదీ వద్దు. 1918లో లండన్ వేదిక మీద తుపాకీ గుండు పట్టుకునే ఐటం చేస్తూ చుంగ్ లింగ్ సూ అనే పేరున్న మెజీషియన్ పోయాడు. మరీ వెనక్కి వెళ్ళక్కర్లేదు, 2019 జూన్లో కోల్‌కతాలో చంచల్ లాహిరి గొలుసులతో కట్టించుకుని హుగ్లీ నదిలో దిగి తిరిగి రాలేదు. ఆయన ఎంతో అనుభవమున్న మనిషి. పావురాలు, కుందేళ్ళ విషయంలోనూ జాగ్రత్త. జంతువులతో ప్రదర్శనలివ్వాలంటే 2001 నాటి నిబంధనల ప్రకారం ముందుగా రిజిస్టరు చేయించుకోవాలి. రామచిలకనైతే ఇంట్లో ఉంచుకోవడమే నేరం.

పైకి పిలిచిన పిల్లాడు

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది వాలంటీరు సంగతి. జనంలోంచి ఒక పిల్లాణ్ణి పైకి పిలుస్తారు. వాడు సిగ్గుపడుతూ వస్తాడు. మెజీషియన్ వాడి జేబులోంచి సిగరెట్టు ముక్క తీస్తాడు, లంగా ముక్క తీస్తాడు. 'ఏరా, ఇదేంట్రా!' హాలంతా ఘొల్లుమంటుంది. ఈ నవ్వు తేలిగ్గా వస్తుంది కాబట్టే చాలామంది వదలరు. కానీ ఆ పిల్లాడు రేపు అదే వీధిలో నడవాలి, అదే క్లాసులో కూర్చోవాలి. చిన్న ఊళ్ళో పేరు పెడితే ఏళ్ళ తరబడి పోదు.

దాన్నే తిరగేసి చూడండి. మంత్రదండం వాడి చేతికిచ్చి 'నాకు రావట్లేదు నాన్నా, నువ్వు తిప్పు' అనండి. వాడు తిప్పగానే తాడు అతుక్కుంటే చప్పట్లు వాడివి. వాళ్ళమ్మ ఆ రాత్రి ఇరుగుపొరుగుకి చెప్పేది మీ షో గురించే. పెద్దవాళ్ళని పిలిస్తే 'మీరు', 'అన్నయ్యగారూ', 'బాబాయిగారూ' అనే పిలుపులు తప్పనిసరి. కొత్త కోడలినో, కాలేజీ అమ్మాయినో బలవంతంగా ఎక్కించడం అసలు వద్దు. ఎవరు రావాలనుకుంటున్నారో కళ్ళు చూస్తేనే తెలుస్తుంది.

ఒకే పెట్టె, రెండు మాటలు

19వ శతాబ్దపు ఫ్రెంచి మెజీషియన్ రాబర్ట్ హూడాన్ దగ్గర చిన్న పెట్టె ఉండేది. ఒకసారి పసిపిల్లాడు కూడా ఎత్తగలిగేంత తేలిక, మరుక్షణం కండలవీరుడికీ లొంగనంత బరువు. లోపలున్న కిటుకు విద్యుదయస్కాంతమని ఆయనే తరవాత రాసుకున్నాడు. ప్యారిస్‌లో దాన్ని డబ్బు దాచుకునే దొంగలకందని పెట్టెగా సరదాగా చూపించేవాడు. 1856లో ఫ్రెంచి ప్రభుత్వం ఆయన్ని అల్జీరియాకి పంపింది. అక్కడి జనంలో మతగురువుల పలుకుబడి తగ్గించి, ఫ్రెంచివాళ్ళకే ఎక్కువ శక్తులున్నాయని నమ్మించడం పని. అక్కడ అదే పెట్టెని ముందుపెట్టి, ఒక బలశాలిని పిలిచి, 'నీ బలాన్ని లాగేస్తున్నాను చూడు' అన్నాడు. అతను ఎత్తలేక, కరెంటు షాకు తగిలి, హడలిపోయి పారిపోయాడు.

పెట్టె మారలేదు, మాట ఒక్కటే మారింది. ఒకచోట నవ్వు, ఇంకోచోట భయం.

మన ఊళ్ళలోకి రండి. పసుపు నీళ్ళలో సున్నం కలిస్తే ఎర్రబడతాయి. ఇంట్లో దిష్టి తీసే అమ్మమ్మకి ఇది తెలుసు. ఇలాంటి కిటుకులు తెలిసినవాడు నిమ్మకాయ కోసి 'రక్తం కారుతోంది, చేతబడి జరిగింది, పదివేలు అవుతుంది' అంటాడు. జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు స్కూళ్ళకి వెళ్ళి ఇలాంటి 'మహిమ'లనే చేసి చూపించి గుట్టు విప్పుతుంటారు. మంత్రాలతో జబ్బులు నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరమే. అయినా ఆగిందా? త్రిపురనేని రామస్వామి చౌదరి మున్సిపల్ ఛైర్మన్‌గా పనిచేసిన తెనాలి చుట్టుపక్కల కూడా తాయెత్తుల బేరం సాగుతూనే ఉంది.

అందుకే మెజీషియన్ వేదిక మీద చెప్పే 'ఇందులో మంత్రం లేదండీ, తంత్రమే ఉంది' అనే ఒక్క ముక్కని నేను ఊతపదంలా తీసిపారేయలేను. షో అయ్యాక ఎవరో ఒక పెద్దావిడ పక్కకి పిలిచి 'బాబూ, మా మనవడికి మాట రావట్లేదు, ఏమన్నా చేసి పెడతావా' అని అడుగుతుంది. గాల్లోంచి డబ్బులు తీసినవాడికి ఇది పెద్ద లెక్కా అని ఆమె నమ్మకం. అప్పుడు 'అమ్మా, అది చేతి పని, ఇలాంటిది నాకు రాదు, పిల్లాణ్ణి గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి చూపించు' అని చెప్పడం కూడా ఆ షోలో భాగమే. అలా చెప్పినందుకు చప్పట్లు పడవు.

ఇంటి దగ్గర కసరత్తు

అద్దం ముందు సాధన మంచిదే కానీ అద్దంలో మనం మన ముఖమే చూసుకుంటాం. సెల్‌ఫోన్ మూడుచోట్ల పెట్టి వీడియో తీయండి. డాబా చివర ఒకటి, కుడిపక్క ఒకటి, నేలమీద తల పైకెత్తినట్టు ఒకటి. చూసుకుంటే ఏ ఐటం ఉండాలో, ఏది పోవాలో అదే చెబుతుంది. మైకుతో కూడా సాధన చేయాలి. చేతి మైకు పట్టుకుంటే మీకు మిగిలేది ఒక్క చెయ్యే! రెండు చేతుల ఐటం ఎలా చేస్తారు? స్టాండు అడగండి, లేదా కాలరు మైకు. అదీ లేకపోతే పాట పెట్టించి మాటల్లేకుండా చేసే ఐటం ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.

యూట్యూబులో గుట్టంతా ఉందిగా, ఇంకేం చూస్తారని కొందరి బాధ. ఉంది, నిజమే. వెతికి చూసినవాడికి పెట్టె కిటుకు తెలుస్తుంది. 'వచ్చినయ్, వచ్చినయ్' అని ఊరంతా కలిసి కేకేసిన రాత్రి మాత్రం వీడియోలో దొరకదు. చేసిన ఐటాన్ని అదే జనం ముందు 'మళ్ళీ చెయ్' అన్నా చేయకండి. వచ్చే ఏడాది మళ్ళీ అదే ఊరికి వెళ్ళాల్సి వస్తే రాసి పెట్టుకున్న పుస్తకం చూసుకుని సగం మార్చండి. చిన్న ఊరు, ఎవరూ ఏదీ మర్చిపోరు.

ఐటం చెడితే? చెడుతుంది. ముడి విడిపోదు, రుమాలు చిక్కుకుంటుంది. మైకులో వివరణలు, క్షమాపణలు వద్దు. నవ్వేసి పక్కన పెట్టి తరవాతిది అందుకోండి. అక్కడ ఏం జరగాల్సి ఉందో మీకు తప్ప ఎవరికీ తెలీదు కదా!

షో అయిపోగానే పిల్లలంతా వేదిక మీదికి ఎగబడతారు. ఆపలేరు. చెంబు, రింగులు, సంచి ముందే పెట్టెలో పెట్టి తాళం వేయించండి. ఆ మూడు తాళ్ళు మాత్రం బల్లమీద వదిలేయండి. లాగుతారు, కొలుస్తారు, కొరికి కూడా చూస్తారు. చూడనివ్వండి.